కన్నియమ్మ తొట్టి

మునగకొమ్మలు నరికినందుకు కన్నియమ్మ పాల్‌రాజ్ మొహాన ఇటుక విసిరింది. గోడ మీదుగా విసరడంతో గురి కాస్త తప్పి కనుబొమ్మ చీలింది గానీ, లేకపోతే కన్నే పోయేది. కొమ్మకి కన్ను తీస్తారా అని వీధిలో ఎవరైనా అడిగితే ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. అది కొమ్మ కాదు, తన చేపల నెత్తిన గొడుగు.

రాయపురంలో చేపల రేవుకి దగ్గర్లో, గోడకి గోడ ఆనుకున్న ఇళ్లు అవి. ఇటు పెరట్లో కన్నియమ్మ బంగారు చేపల సిమెంటు తొట్టి, అటు పెరట్లో పాల్‌రాజ్ మునగచెట్టు. మధ్యాహ్నం దాటాక పడమటి ఎండ తొట్టి మీద పడకుండా ఆ చెట్టే కాసేది. పోయిన వానల్లో గొంగళిపురుగులు ఇంట్లోకొచ్చి కూతురి ఒళ్లంతా దద్దుర్లు లేచాయని పాల్‌రాజ్ ఆ కొమ్మలు నరికాడు. అతని బాధ అబద్ధం కాదు. కానీ నరకడానికి అతనికి దొరికింది రోళ్లు పగిలే కత్తిరి ఎండలు మొదలైన వారమే. ఇది తెలివితక్కువతనమో పొగరో నాకైతే తెలియదు. కన్నియమ్మ మాత్రం పొగరే అని ఆ క్షణమే తీర్పు చెప్పేసింది.

"ఒరే పాల్రాజూ! నా చేపల్లో ఒక్కటి చచ్చినా నీ ఇంట్లో శవం లేస్తాది, చూసుకో!"

నెత్తురు కంట్లోకి కారుతుంటే పాల్‌రాజ్ కూడా ఊరుకోలేదు. అపార్ట్‌మెంట్లలో నీళ్ల ట్యాంకులు కడగడం అతని పని. "నా డబ్బాలో బ్లీచింగు పౌడరు ఉండాది. ఒక్క గుప్పెడు చాలు, నీ చేపలన్నీ వెల్లకిలా తేల్తాయి!" అని వీధి వీధంతా వినేట్టు అరిచాడు. అరిచినందుకు తర్వాత ఎంత ఏడ్చాడో! కోపంలో నోరు జారని మగాడు రాయపురంలో ఇంకా పుట్టలేదు. కానీ అందరి మాటలూ అందరికీ గుర్తుండవు. ఈ మాట గుర్తుండిపోయింది.

ఆ చేపలు కన్నియమ్మకి ఏమిటో చెప్పకపోతే ఆమెని ఉత్త రాక్షసి అనుకుంటారు. పదేళ్లకి పైగా ఆమె రేవులో చేపలమ్మింది. గంపలో ఐసు, ఐసు మీద వంజరం, వంజరం మీద ఈగలు. చచ్చినవాటిని ఇప్పుడే పట్టినట్టు పొగిడి పొగిడి ఆమెకి రోత పుట్టింది. ఒకసారి ఎవరి పెళ్లికో కొళత్తూరు వెళ్లి, అక్కడి రంగుచేపల అంగళ్ల ముందు నిలబడిపోయింది. తిరిగొచ్చి గంప తీసి వీధిలో పారేసి, "ఇంక ప్రాణముండే చేపే అమ్ముతా" అంది. మూడు వేసవులు కాచి తల్లిచేపల్ని తయారుచేసుకుంది. వాటి పిల్లలే ఆమె బతుకు. అవి పోతే మళ్లీ గంపే.

ఈ ఊరి ఎండలో ఆరుబయట బంగారు చేపని బతికించడం పసిబిడ్డని సాకడం కన్నా కష్టం. కాగిన నీళ్లలో గాలి ఉండదు, అందుకని బుడగల మోటారు ఆగకూడదు. మేత తెల్లవారుజామునే, అదీ కొసరి కొసరి. తొట్టి మీద ఆకుపచ్చ వల కట్టాలి. నీళ్లు మార్చాలంటే ముందురోజే డ్రమ్ములో పట్టి పెట్టిన నీళ్లు, తొట్టి అంచు వెంబడి చెంబుతో మెల్లగా దించాలి. "ఎండకి చేప ఓర్చుకుంటాదబ్బా, ఒక్కసారిగా మారిస్తేనే ఓర్చుకోలేదు" అని కొనేవాళ్లందరికీ చెప్పేది. అందరికీ చెప్పింది గానీ ఇంట్లో మొగుడికి ఎప్పుడూ చెప్పలేదు. తిట్లకే సరిపోయేది.

మొగుడు సుందర్‌రాజ్ రేవులో ఐసు మోసేవాడు. లారీలోంచి దిగే ఐసు బారుల్ని ఇనప కొక్కేనికి తగిలించి లాగి పొడిచేసే మరలో వేయడం అతని పని. ఆ కొక్కెం ఇంటికొచ్చినా నడుముకే వేలాడుతుంది. మనిషి కొండంత, నోట్లో మాట ఉండదు. తినడానికి పనికిరాని చేపకి ఇంత సేవా అని మొదట్లో నవ్వేవాడు. తర్వాత్తర్వాత పెళ్లాం చూడనప్పుడు తొట్టి దగ్గర కూచుని వాటిని చూస్తుండేవాడు. చూస్తున్నానని చెప్పడానికి సిగ్గు.

కొమ్మలు నరికిన మూడో నాడు కన్నియమ్మ పిల్లచేపల్ని కవర్లలో కట్టుకుని కొళత్తూరు బయల్దేరింది. వలమీద వల వేసినా పడమటి ఎండ లోపలికి దూరుతూనే ఉంది. ఆ దిగులంతా పోయేముందు మొగుడి మీద కక్కింది.

"నేను లేనప్పుడు ఒక్కనాడన్నా తొంగిచూసినావా? నా చేపలు చచ్చినా నీకు పట్టదు. నువ్వు మొగుడివా, అద్దెకుండేవోడివా?"

సుందర్‌రాజ్ టీ గ్లాసు కడిగి బోర్లించి పనికి పోయాడు.

సాయంత్రం ఆమె ఆటో దిగి నేరుగా పెరట్లోకి పోయింది. మోటారు తిరుగుతోంది. బుడగల మధ్య తల్లిచేపలన్నీ పక్కకి ఒరిగి తేలుతున్నాయి. తెల్ల పొట్టలు, ఎర్ర వీపులు. కన్నియమ్మ మోచేతి దాకా నీళ్లలో ముంచి ఒక్కొక్కదాన్నీ తట్టింది. ఒక్కటీ కదల్లేదు. చేయి జిల్లుమంది. భయానికి తన ఒళ్లే చల్లబడిందనుకుంది. తర్వాత ఆమె నోట్లోంచి వచ్చింది అరుపు కాదు, కేక కాదు. వీధి చివర క్యారమ్స్ ఆడుకుంటున్నవాళ్లు బోర్డు వదిలేసి పరిగెత్తి వచ్చారు.

అప్పుడే పని నుంచి వచ్చిన సుందర్‌రాజ్ తొట్టిలోకి చూశాడు. అతని మొహం మాడిపోయింది.

"వాడే!" అంది కన్నియమ్మ. "చెప్పినాడు గదయ్యా, గుప్పెడు పోస్తానని! పోసినాడు!"

అంతే. ఆ కొండ కదిలింది. తలుపు తట్టలేదు, తన్నాడు. మడతబందు ఊడి తలుపు లోపలికి పడింది. పాల్‌రాజ్ అన్నం ముందు కూచుని ఉన్నాడు. కనుబొమ్మ మీద కట్టు ఇంకా ఉంది. సుందర్‌రాజ్ అతన్ని చొక్కా పట్టి కంచం మీదుగా ఈడ్చుకొచ్చి వీధిలో పడేశాడు. పడేసి తన్నాడు. డొక్కలో, వీపులో, మళ్లీ డొక్కలో. ఇన్నేళ్లుగా నోట్లో దాచుకున్న మాటలన్నీ కాళ్లలోంచి వస్తున్నట్టు తన్నాడు.

"నేను కాదన్నా! పొద్దుట్నించి మనలిలో ట్యాంకు పనిలో ఉండినా! మేస్త్రీని అడుగు, దేవుడి సాక్షి!" పాల్‌రాజ్ నెత్తురు ఉమ్ముతూ అరిచాడు.

ఎవరడుగుతారు? కన్నియమ్మ అతని ఇంట్లో దూరి బ్లీచింగు డబ్బా తెచ్చి అతని నెత్తిన కుమ్మరించింది. ఆ ఘాటుకి చుట్టూ ఉన్నవాళ్లకి కూడా కళ్లు మండాయి. "తాగు! నా బిడ్డలకి పోసినావు గదా, నువ్వూ తాగు!" పాల్‌రాజ్ పెళ్లాం విజి మొగుడి మీద అడ్డం పడితే కన్నియమ్మ జుట్టు పట్టి పక్కకి లాగింది. చూస్తున్నవాళ్లలో ఒక్కరూ ఆపలేదు. ఆ సిగ్గులేని వీధికి ఇలాంటివి తెరలేని సినిమా.

పాల్‌రాజ్ మొహం కాపాడుకోవడానికి కుడిచేయి పైకెత్తాడు. సుందర్‌రాజ్ కొక్కెం సరిగ్గా అప్పుడే దిగింది. అరచేతిలో దిగి వెనక తేలింది. ఐసు బారుని లాగినంత అలవాటుగా అతను దాన్ని లాగాడు. ట్యాంకుల నిచ్చెన పట్టుకునే చేయి అది. పాల్‌రాజ్ ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని మెలికలు తిరిగిపోయాడు.

ఎవరో పోలీసులకి ఫోన్ చేశారు. రేవు దగ్గర కాపలా తిరిగే కానిస్టేబులు బండి మీద వచ్చాడు. అతనొచ్చాక వీధికి హఠాత్తుగా జాలి పుట్టింది. ఇద్దరు నీళ్లు తెచ్చి పాల్‌రాజ్ కళ్లు కడిగారు, ఒకతను ఆటో కోసం పరిగెత్తాడు. "ఏందిది? వీడే విషం పోసినాడని నీకెట్ట తెలుసు?" అని కానిస్టేబులు సుందర్‌రాజ్‌ని గద్దించాడు.

జీవితంలో మొదటిసారి సుందర్‌రాజ్ నలుగురి ముందు గట్టిగా మాట్లాడాడు. గర్వంగా కూడా.

"నాకు తెలీకేం సార్! మధ్యాన్నం నేను వచ్చి చూస్తిని. ఎండకి పైకొచ్చి నోళ్లు తెరుచుకుని గాలికి కొట్టుకుంటా ఉండాయి. పాపం, పొద్దున ఈమె తిట్టి పోయింది గదా. రేవుకి పోయి చేపలబండి నిండా ఐసు బారులు తెచ్చి నా చేత్తో తొట్టిలో దించినా. చల్లబడినాక కొట్టుకోవడం మానేసి, అన్నీ అడుక్కి పోయి నిమ్మళంగా పడుకున్నాయి. ఈ కళ్లతో చూసినా. అంత బాగుండిన చేపలు, వీడు పొయ్యకపోతే ఎట్ట చస్తాయి?"

కన్నియమ్మ తన కుడిచేతిని చూసుకుంది. కత్తిరి ఎండల సాయంత్రం, తొట్టి నీళ్లు జిల్లుమన్నాయి. అది భయం కాదు.

ఆమె మొహం చూసి సుందర్‌రాజ్‌కి అనుమానమొచ్చింది. గొంతు తగ్గించి, పెళ్లానికి మాత్రమే వినపడేట్టు అడిగాడు.

"ఏం మే? ఐసేస్తే చేప చెడిపోదు గదా?"

"చెడిపోదయ్యా," అంది కన్నియమ్మ. "చచ్చిన చేప చెడిపోదు."

మాట మెల్లగానే అన్నా, మొగుడి చేతికి గుడ్డ చుడుతున్న విజి వింది. వేళ్ల మధ్య నుంచి నెత్తురు ఇంకా కారుతోంది. కన్నియమ్మ తన కొంగు చించి ఆ చేతికి కట్టబోయి కిందికి వంగింది. విజి లేచి, ఆమె చెంప మీద చెళ్లున కొట్టింది. మళ్లీ కొట్టింది. రాయపురంలో కన్నియమ్మ మీదికి ఒక చెయ్యి లేచి, తిరిగి ఆమె చెయ్యి లేవకపోవడం అదే మొదటిసారి.