నర్సింగం సారుకు సన్మాన పత్రం

ఆ ఆదివారం మధ్యాహ్నం రాయమల్లు ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు. తెల్ల దుప్పటి పరిచిన నవారు మంచం మీద భోంచేసి కూర్చున్న ఎమ్మెల్యే నర్సింగం. పక్కనే చేతులు కట్టుకుని అనసూర్య తండ్రి రాయమల్లు. గడప దగ్గర, గనిలో ఫిట్టరుగా చేసే ఇస్హాక్. పొయ్యి దగ్గర అవ్వ సారవ్వ, ఆమె ముందు గిన్నెలో నిన్నటిదాకా కూసిన కోడిపుంజు. తలుపు చాటున సన్మాన పత్రం పట్టుకుని అనసూర్య.

డెబ్బై రెండులో వచ్చే ఎలక్షన్లలో ఇక నిలబడనని నర్సింగం చెప్పి పదిరోజులైంది. ఆ కబురు విని గోదావరిఖనిలో మిఠాయిలు పంచుకున్నారు. అయిదేళ్లలో ఆయన కార్మికుల వాడకు వచ్చింది రెండుసార్లు. ఒకసారి ఓట్లకు, ఇంకోసారి జీపు చెడిపోయి.

ఆ టికెట్టు ఇప్పుడు రాయమల్లుకు కావాలి. షిఫ్టు దిగి యూనియన్ జెండా మోసిమోసి భుజం కాయలు కాచినవాడు. తన బదులు రాయమల్లును నిలబెట్టమని నర్సింగం హైదరాబాదులో ఒక్క మాట చెబితే చాలు. ఆ మాట కోసమే కోడి, ఆ మాట కోసమే సన్మానం.

పల్లెబడిలో ఏడో తరగతి దాకా చదివిందని పత్రం రాసే పని అనసూర్యకు పడింది. నిన్న రాత్రి కూర్చుని మొదట ఉన్నదున్నట్టు రాసింది. నాలుగు వరసల్లో అయిపోయింది.

“ఏందే ఇది? రెండుసార్లు వచ్చిండని లెక్కజెప్తవా?” రాయమల్లు చింపేశాడు. “సారు కండ్లల్ల నీళ్లు రావాలె. గట్ల రాయి.”

“ఏం జేసిండని రాయాలె నాయినా?”

రాయమల్లు ఇస్హాక్ వైపు చూశాడు. ఇస్హాక్ గడ్డం గోక్కున్నాడు.

“నల్లా పెట్టించిండు గదన్నా.”

“నీళ్లేడ వస్తున్నయ్?” అంది అనసూర్య.

“నీళ్ల ముచ్చట మనకెందుకు? నల్లా అయితే ఉన్నది. రాయి బిడ్డా, ఫికర్ చెయ్యకు.”

సారవ్వ పొయ్యి ఊదుతూ తల తిప్పింది. “పీనుగ ముంగట శోకం తీస్తరు సూడు, గట్ల రాయే. ఎంత పాపిష్టోడైనా ఆ పొద్దు దేవుడే. ఈడు గూడ పోతున్నోడే గద!”

అనసూర్యకు దారి దొరికింది. పల్లెలో ఎన్ని శోకాలు విన్నదో అన్నీ పత్రంలోకి దించింది.

ఇప్పుడు తండ్రి ఆమెను ముందుకు లాగి నిలబెట్టాడు. నలుగురిలో నోరు విప్పని పిల్ల, కాగితం మీంచి కళ్లెత్తకుండా చదివింది.

“ఓ దయామయా! మీరు నడిచిన బాటలో బొగ్గు కూడా మల్లెలై పూసింది. మీ చేయి తాకిన నల్లాలో గోదావరి ఉరికింది. మమ్ములను ఎవరికి అప్పజెప్పి పోతున్నారు? మీరు లేని ఈ వాడలో దీపం పెట్టేదెవరు? ఒక్కసారి వెనక్కి తిరిగి రారాదా?”

నర్సింగం కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. రాయమల్లు ముఖం వెలిగిపోయింది.

శోకంలో ఎంత పిలిచినా పీనుగ లేచి రాదు. నర్సింగం లేచాడు.

“మోకాళ్ల నొప్పులని చెప్పిన గానీ రాయమల్లూ, అసలు మీకు నేనంటె పడదనుకున్న. అందుకే వద్దనుకున్న. ఇంత పావురం, ఇంత ప్రేమ వెట్టుకున్నరా నా మీద! మిమ్ముల ఇడిసి ఎట్ల పోత? మళ్ల నేనే నిలబడుత.”

ఇస్హాక్‌కు పొలమారింది.

“సారూ... మీ మోకాళ్లు...” అన్నాడు రాయమల్లు.

“జీపున్నది గదా! నువ్వు ముంగట నడువు, నేను ఎనక జీపుల వస్త.”

పత్రం మడిచి జేబులో పెట్టుకుని, అనసూర్య నెత్తి నిమిరి, ఆయన వెళ్లిపోయాడు. రాయమల్లు జీపుదాకా వెళ్లి దండం పెట్టి వచ్చాడు.

“రెండు తొడలూ తిన్నడు ముండాకొడుకు,” అంది సారవ్వ, గిన్నెలోకి చూస్తూ.

“నవ్వుతున్నవేందిర ఇస్హాకూ?” అన్నాడు రాయమల్లు.

“నవ్వుత లేనన్నా. దగ్గు.”

రాయమల్లు లోపలి గదిలోకి నడిచాడు. అనసూర్య వెంటే వెళ్లింది. పుట్టి ఇన్నేళ్లకు నలుగురి ముందు ఇవ్వాళే నోరు విప్పింది మరి.

“నాయినా, యాడ తప్పు పోకుంట సదివిన గద?”

రాయమల్లు ఆమెను నిలువునా చూశాడు. చూసి, మొహం మీదే తలుపేసుకున్నాడు.