వన్ ప్లస్ వన్

మార్చి 14, శుక్రవారం సాయంత్రం 5:40కి అమెరికాలో, టెక్సస్‌లోని ప్లేనోలో ఒక సూపర్‌మార్కెట్ గుమ్మం దగ్గర ప్రణీతను ఆపారు. ఆమె సంచిలో రెండు షాంపూలు, రెండు ఫేస్ క్రీములు, రెండు బాదం ప్యాకెట్లు ఉన్నాయి. ఎవరి బిల్లు వాళ్లే వేసుకునే సెల్ఫ్ చెకౌట్‌లో స్కాన్ చేసింది మూడే.

వాళ్ల అపార్ట్‌మెంట్‌లో దీన్ని వన్ ప్లస్ వన్ అనేవాళ్లు. ఎం.ఎస్. చదివే నలుగురూ వంతులేసుకుని సరుకులు తెచ్చేవాళ్లు. ఒకటి స్కాన్ చేసి రెండు సంచిలో వేయడం వాళ్లతోనే ఉండే సీనియర్ వినీత్ నేర్పాడు. ప్రణీత వంతు ఇది నాలుగోసారి. నాలుగుసార్లూ అలాగే వేసింది. డబ్బుల్లేక కాదు.

వెనక గదిలో స్టోర్ మనిషి ఆరు వస్తువులూ బల్ల మీద పేర్చి ఫొటో తీశాడు. ఒక షాంపూ మూత ఊడి బల్లంతా కారింది. పోలీసు వచ్చాడు.

"మొదటిసారా?"

"అవును" అంది ప్రణీత.

అతను కోర్టు తేదీ రాసిన టికెట్ ఇచ్చి, సంతకం తీసుకుని వదిలేశాడు. వినీత్ కారు తెచ్చాడు.

"ఏడుపాపు ప్రణీతా, ఏం గాదు. స్పీడింగ్ టికెట్ ఎట్లనో ఇదీ అట్లనే. ఆన్‌లైన్ల ఫైన్ కట్టేయ్, కథ ఖతం."

"కోర్టుకి వెళ్లొద్దా అన్నా?"

"పోయి ఏం జేస్తవ్? జడ్జికి బాదంపప్పు పెడ్తవా?"

జూన్ 2న ఆమె ఉద్యోగంలో చేరాలి. ఆఫర్ వచ్చింది, పాత కేసులేమైనా ఉన్నాయా అని చూసే బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఒక్కటే మిగిలింది. అది మొదలయ్యేలోగా ఈ గొడవ వదిలించుకోవాలనుకుంది. సోమవారం కోర్టు వెబ్‌సైట్‌లో టికెట్ నంబర్ కనిపించగానే, వచ్చిన పేజీ చదవకుండా టిక్ పెట్టి ఫైన్ కట్టింది.

ఏప్రిల్ 2న కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. రికార్డులో దొంగతనం కన్విక్షన్, అంటే నేరం రుజువైనట్టు ఉంది, వివరణ ఇవ్వండి అని. మర్నాడు ఆమె లాయర్ వసంతకుమారి దగ్గరికి వెళ్లింది.

"ఎవరు కట్టమన్నారమ్మా?"

"మా సీనియర్, మేడమ్."

"లాయరా?"

"డేటా ఇంజినీర్."

వసంతకుమారి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "ఫైన్ కట్టావంటే కేసు ఒప్పుకున్నట్టే. నువ్వు టిక్ పెట్టిన పేజీలో అదే రాసి ఉంది. ముందే నా దగ్గరికొచ్చి ఆ తేదీకి కోర్టుకెళ్లుంటే, మొదటిసారి కదా, ఏదో క్లాసుకి పంపి కేసు కొట్టేయమని అడిగేదాన్ని. ఇక వీసా ఫారం నింపిన ప్రతిసారీ నేరం రుజువైందా అన్న ప్రశ్నకి యెస్ అని రాయాలి."

ప్రణీత తన చేతుల వంక చూసుకుంది. "నాలుగోసారి మేడమ్. దొరకడం మొదటిసారి."

లాయర్ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. "ఆ మాట ఇంకెక్కడా అనకు" అంది, మొహం పక్కకి తిప్పుకుని.

ఇంటికొచ్చేసరికి వినీత్ సోఫాలో కాళ్లు చాపుకుని బాదంపప్పు నములుతున్నాడు. "అయిపోయిందా నీ లొల్లి?" అని డబ్బా ముందుకు జరిపాడు. ఆమె బాత్‌రూమ్‌లోకి వెళ్లి వాంతి చేసుకుంది. తలెత్తితే అరలో అన్నీ జంటలే: రెండు షాంపూలు, రెండు సబ్బులు, రెండు పేస్టులు. సగం ఖాళీ అయినవి తను వాడుతున్నవే. అన్నీ చెత్త సంచిలో వేసి మూతి కట్టింది.

ఏప్రిల్ 9 ఉదయం 9:05కి జూనియర్ల వాట్సాప్ గ్రూపులో వినీత్ ఇలా రాశాడు: "ఎవలైనా దొరికితే టెన్షన్ వద్దు. ఫైన్ కట్టేయండి. ప్రణీత కట్టింది, ఏం గాలే." పదకొండు మంది బొటనవేలు ఎత్తారు.

10:12కి కంపెనీ ఆఫర్ రద్దు చేస్తూ ఆమెకు మెయిల్ పంపింది.