ప్లాస్టర్ పంటి మీద గుంత

నాకు నోళ్లంటే అసహ్యం. పళ్ల సెట్లు చేసే ల్యాబు పెట్టుకుని ఈ మాట అంటే నవ్వుతారు గానీ, ఉన్న సంగతి అది. పక్కన కూర్చున్నవాళ్లు చప్పుడు చేస్తూ నమిలితే నాకు ముద్ద దిగదు. ఇంట్లో కూడా నా కంచం నేను తీసుకుని వేరే గదిలోకి పోతాను. ఇరవై ఏళ్ల కిందట ఒక పళ్ల డాక్టరు దగ్గర కాంపౌండరుగా చేరి, మొదటి రోజే ఒక ముసలాయన దవడలోంచి తీసిన గుట్కా ముద్ద చూసి సింకులో వాంతి చేసుకున్నాను. ఆ డాక్టరే, "షాహుల్, నీకు ప్లాస్టర్ నోళ్లే నయం" అని ల్యాబు పని నేర్చుకోమని పంపించాడు. నిజంగానే నయం. ప్లాస్టర్ నోరు తెల్లగా ఉంటుంది, కంపు కొట్టదు, ఉమ్మదు.

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వెనక సందులో, మేడ మీద మా ల్యాబు. జమ్మలమడుగు నుంచీ పులివెందుల నుంచీ డాక్టర్లు తీసిన పళ్ల అచ్చులు తడిగుడ్డలో చుట్టి బస్సు పార్సిల్‌లో వస్తాయి. ఆ గుడ్డ విప్పడమే రోజంతటిలో నాకు గిట్టని పని. ఒక్క డాక్టరూ కడిగి పంపడు. అచ్చుకు ఎండిన ఉమ్మి, నెత్తుటి చార, ఒక్కోసారి మటన్ పీచు అంటుకుని ఉంటాయి. రెండు జతల గ్లౌజులు తొడుక్కుని, ఊపిరి బిగబట్టి, కుళాయి కింద పెట్టి కడుగుతాను. అందులో ప్లాస్టర్ పోసి, అది గట్టిపడ్డాక తెల్లటి మోడల్ బయటికి తీస్తే అప్పటికి ప్రాణం కుదుటపడుతుంది.

కొన్ని పళ్లు పోయి కొన్ని మిగిలినవాళ్లకు, తీసి పెట్టుకునే మెటల్ సెట్టు చేస్తాం. అది మిగిలిన పళ్ల మీద ఆనుకుని నిలవాలి. అందుకని, అచ్చు తీయకముందే డాక్టరు ఆ పంటి మీద మిషన్‌తో చిన్న గుంత కొయ్యాలి. బియ్యపుగింజలో సగం లోతు చాలు. దూలానికి గోడలో గూడు వదిలినట్టు అన్నమాట. సెట్టుకు ఉండే చిన్న మెటల్ కాలు ఆ గుంతలో కూర్చుంటే నమిలే బరువు పన్ను మోస్తుంది. గుంత లేకపోతే కాలు పంటి నెత్తిన నిలబడి, నమిలినప్పుడల్లా టక్ టక్ అని కొడుతుంది. సెట్టు ఊగుతుంది. సెట్టు జారకుండా పంటికి తగిలించే కొక్కెం ఆ పంటిని పట్టుకుని గుంజుతూనే ఉంటుంది.

పులివెందుల డాక్టర్ నాగేంద్ర గుంతలు కొయ్యడు. మూడేళ్ల కిందట మొదటి అచ్చు వచ్చినప్పుడే ఫోన్ చేశాను.

"సార్, పంటి మీద గుంత ల్యా. సెట్టు యాడ కూర్చుంటాది?"

"మిషన్ శబ్దం ఇంటేనే జనం కుర్చీలోంచి లేచిపోతాండారు భాయ్. మోడల్ మీద నువ్వే గీకెయ్. నోట్లో నేను సర్దుకుంటాలే."

గీకాను. ప్లాస్టర్ పన్ను అరవదు, దవడ పట్టుకోదు. తెల్లటి పొడి రాలుతుంది, అంతే. సెట్టు నా మోడల్ మీద కదలకుండా కూర్చుంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని మురిసిపోయాను కూడా. ఆ తర్వాత అది ఎవరి నోట్లోకి పోయిందో, అక్కడ ఏం చేసిందో అడగలేదు. అడిగితే ఆ నోరు చూడమంటారని భయం. రెండో అచ్చుకు ఫోన్ కూడా చేయలేదు. అదే అలవాటైపోయింది.

పోయిన మంగళవారం పదకొండు గంటలకు ఒకామె మెట్లెక్కి వచ్చింది. అరవైకి దగ్గర్లో ఉంటుంది. చేతిలో చీనీకాయల సంచి.

"సెట్టు రెడీ అయిందని ఫోన్ చేసింది నువ్వేనా అప్పా? నేను వనజమ్మను. లింగాల."

సెట్టు తయారైతే పేషెంటుకు నన్నే చెప్పమని నాగేంద్ర అచ్చుతో పంపే స్లిప్పు మీద వాళ్ల నంబరు రాస్తాడు. అట్లా నా నంబరు ఆమె దగ్గర ఉంది.

"డాక్టర్‌ను అడిగితే ముందర అలవాటైతాదన్నాడు. ఇప్పుడేమో ల్యాబోళ్లు తప్పు చేసినారంటాండాడు. అందుకే రెండు బస్సులు మారి నీ దగ్గరికే వచ్చినా. ఈ పక్క కింద నాకు మిగిలింది ఒక్క దవడ పన్ను. సెట్టు పెట్టినప్పట్నించి అది ఊగుతాండాది. అది గాని పోతే రొట్టె నమిలేదానికి నాకు దిక్కుల్యా. చూడు."

"నోరు చూసేది డాక్టర్లమ్మా. నేను చూడను. సెట్టు మాత్రం ఇయ్యండి."

గ్లౌజులు తొడుక్కునేంత వ్యవధి కూడా ఇవ్వలేదు. నోట్లో వేళ్లు పెట్టి, సెట్టు ఊడదీసి, నా ఉత్త అరచేతిలో పెట్టేసింది. వెచ్చగా ఉంది. దాని వెంట ఉమ్మి తీగ సాగి నా మణికట్టు మీద పడింది. కొక్కెం సందున నలిగిన రొట్టె, దాని మీద పచ్చటి జిగట. మూతపెట్టి మూడు రోజులు మరిచిపోయిన పప్పు గిన్నె తెరిచినట్టు కంపు. వెంటనే సెట్టు తిరిగి ఆమె చేతిలోనే పెట్టేశాను.

"పెట్టుకుని చూపిస్తా, ఇను," అని ఆమె సెట్టు తొడుక్కుని ఉత్త నోరు నమిలింది.

టక్. టక్.

ఆ శబ్దం గురించి ఎంతోమందికి చెప్పాను గానీ, చెవులారా వినడం అదే మొదలు. టార్చి తీశాను. సెట్టు తీయించి, తల పక్కకు తిప్పుకుని ఒకసారి ఊపిరి తీసుకుని, లోపలికి చూశాను. పంటి చుట్టూ చిగురు ఉబ్బి నీలంగా ఉంది. వేలితో దవడ నొక్కమంటే పంటి మొదట్లోంచి చీము ఊరింది. పంటి పైభాగం మాత్రం చెక్కుచెదరలేదు. నేను చేసిన కాలు ఒరుసుకున్నచోట ఒక మెరిసే చుక్క ఉంది. గుంత లేదు.

అరలోంచి ఆమె మోడల్ తెచ్చాను. అదే పన్ను. దాని మీద గుంత గుండ్రంగా, నున్నగా ఉంది. డాక్టరు తప్పు అనేసి పంపించెయ్యొచ్చు. అది అబద్ధం కూడా కాదు. కానీ చేతిలో ఉన్న గుంత నాది.

"ఈ గుంత మీ పంటి మీద ఉండాల్సిందమ్మా. డాక్టరు కొయ్యల్యా. నేను బొమ్మ మీద కోసి, దానికి సరిపోయేట్టు చేసినా."

వనజమ్మ మోడల్ తీసుకుని గుంత మీద వేలు పెట్టి తడిమింది.

"అంటే ఈ బొమ్మ రొట్టె తినేదానికి చేసినావా సెట్టు?"

ఆమె మోడల్ పక్కన పెట్టి, సెట్టు మళ్లీ తొడుక్కుని చేత్తో గట్టిగా నొక్కింది, దిగుతుందేమోనన్నట్టు. దిగలేదు. తీయబోతే రాలేదు. కొక్కెం పంటి కింద ఇరుక్కుంది.

"రాల్యా. కొంచెం తియ్యప్పా, నొప్పి ల్యాస్తాండాది."

వేళ్లు పెట్టాను. ఇరవై ఏళ్లలో మనిషి నోట్లో వేలు పెట్టలేదు. నాలుక తగిలింది. కళ్లు మూసుకుని, రెండు వేళ్లతో కొక్కెం పట్టి పైకి లాగాను. సులువుగా వచ్చేసింది. మరీ సులువుగా.

కళ్లు తెరిస్తే కొక్కెంలో పన్ను ఉంది. పొడుగాటి రెండు వేర్లు, వాటికి నల్లటి గార, ఒక చిన్న మాంసపు పేలిక. నెత్తురు నా వేళ్ల మీంచి కారుతోంది. ఆమె అరవలేదు. సింకు దగ్గరికి పోయి ఉమ్మింది. దూది ఇచ్చి గట్టిగా కరిచి పట్టుకోమన్నాను.

"పంటి పైన చూడు," అంది దూది వెనకనుంచి. "గుంత ఉండాదా?"

"ల్యాదమ్మా."

"అది నాకియ్యి."

పన్ను కడిగి ఇస్తే చేతిగుడ్డలో మూట కట్టుకుంది. ఇంకో సెట్టు ఊరికే చేసిస్తానన్నాను.

"దేని మీద ఆనిస్తావు?" అంది.

కింద వీధిలో ఉన్న డాక్టరు దగ్గరికి తీసుకుపోయి నెత్తురు ఆగేదాకా కూర్చున్నాను. లింగాల వైపు పోయే బస్సెక్కించి వచ్చేసరికి సెట్టూ, మోడలూ, చీనీకాయల సంచీ బల్ల మీదే ఉన్నాయి. సబ్బుతో నాలుగుసార్లు చేతులు కడుక్కున్నాను. కంపు పోలేదు. నా మీద నాకే రోత పుట్టింది. నోళ్లు చూడలేనని గొప్పగా చెప్పుకుంటూ, ఆ నోళ్లను కుళ్లబెట్టే పని మాత్రం శుభ్రంగా చేస్తూ కూర్చున్నాను.

నాగేంద్ర ఫోన్ చేశాడు. "ఒంటిగంట బస్సుకు రెండు అచ్చులు పంపిస్తాండా భాయ్. గుంతలు చూసుకో."

"నేను కొట్టను సార్. పంటి మీద మీరే కొట్టి పంపండి. ల్యాకుంటే పంపొద్దు."

"ఏంది కొత్తగా? ఇన్నాళ్లు కొట్టినావు కదా?"

ఫోన్ పెట్టేశాను.

అరలోంచి నాగేంద్ర మోడళ్లన్నీ దించాను. బల్ల నిండిపోయింది. ప్రతి దాని మీదా నా చేతి గుంతే. మొదటి దాని స్లిప్పు మీద రమణమ్మ, వేంపల్లె అని ఉంది. నంబరు నొక్కాను.

"ఎవరూ?" నోటి నిండా ముద్దతో ఒక గొంతు.

"ప్రొద్దుటూరు ల్యాబు నుంచమ్మా. షాహుల్‌ను. మీ సెట్టు గురించి..."

"తింటాండానప్పా. చెప్పు, ఇంటాండా."

చెవిలోనే నములుతోంది. తడిగా, చప్పరిస్తూ. ఇంకో రోజయితే ఫోన్ చెవికి మూరెడు దూరం పెట్టేవాణ్ని. ఆ రోజు గట్టిగా చెవికి ఆనించుకున్నాను. ఆ తడి చప్పుడు మధ్యలో స్పష్టంగా వినబడింది. టక్. టక్.

"ముద్ద ఉమ్మేసి ముందర ఆ సెట్టు తీసెయ్యమ్మా. మళ్లా పెట్టుకోవద్దు."

"ఏమప్పా? బాగనే ఉండాదే," అంటూ ఆమె ఇంకో ముద్ద పెట్టుకుంది.

టక్.