ముక్కు తిరిగిన బండి

పాత ఇనుముకు రంగు వేస్తే కొత్త బండి అవుతుంది. పాత మనిషికి రంగు వేస్తే ఏమవుతాడో ముత్తయ్యను అడగాలి. అడిగినా చెప్పడు. ఆయనకు మాట్లాడే ఓపిక కూడా అయిపోయింది.

ఎల్లారెడ్డి ఊరి అవతల ఒకప్పుడు ఒక చక్కెర ఫ్యాక్టరీ ఉండేది. పొలాల నుంచి చెరకు తేవడానికి దానికి ఓ చిన్న పట్టాల దారి, ఆటో పట్టేంత వెడల్పు డబ్బాలు, వాటిని లాగడానికి ఓ డీజిల్ ఇంజను ఉండేవి. ఆ ఇంజనును ముత్తయ్య ముప్పయ్యేళ్లు నడిపాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇంజను తుమ్మచెట్ల నడుమ తుప్పు పట్టింది. ముత్తయ్య రెండు బర్రెలను కొనుక్కుని, వాటి వెనక తిరుగుతూ సుఖంగానే ఉన్నాడు. సుఖంగా ఉన్న మనిషిని లోకం ఎప్పుడు ఊరుకోనిచ్చింది కనుక?

పోచారం చెరువు చూడటానికి వచ్చే జనానికి ఈ బండి చూపిస్తే బాగుంటుందని ఎవరికో తోచింది. ఫ్యాక్టరీ గేటు నుంచి చెరువు దిక్కు మిగిలిన కాస్త పట్టాలను బాగుచేశారు. నడిపే కాంట్రాక్టు దేవరాజ్‌కు దక్కింది. దేవరాజ్‌ది కామారెడ్డి, అంతకుముందు ఫంక్షన్‌హాలు నడిపేవాడు. జనాన్ని కూర్చోబెట్టడం, ఫోటోలు తీయించడం, నవ్వుతూ సాగనంపడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. తుప్పుపట్టిన ఇంజనును ట్రెయిలర్ మీద వేసి కామారెడ్డిలో లారీలు బాగుచేసే లతీఫ్ షెడ్డుకు పంపాడు. లతీఫ్ దాని కడుపులో లారీ ఇంజను కూర్చోబెట్టి, కొత్త గేర్లు, కొత్త బ్రేకులు వేసి, ఎర్రరంగు పూసి తిరిగి పంపాడు. పని బాగా చేశాడు, అందులో ఎవరికీ అనుమానం లేదు. నడపడానికి దేవరాజ్ బర్రెల వెనక నుంచి ముత్తయ్యనే పట్టుకొచ్చాడు.

కానీ ట్రెయిలర్ వచ్చిన రోజు గేటు దగ్గర మలుపు ఇరుకైంది. డ్రైవరు తంటాలుపడి రివర్సులో తీసుకొచ్చాడు. క్రేనువాడు ఎలా అందితే అలా ఎత్తి పట్టాల మీద దించాడు. పూర్వం ఫ్యాక్టరీ వైపు ఉండే ఇంజను ముక్కు ఇప్పుడు చెరువు వైపు అయింది.

"ముత్తన్నా, మొకం ఉల్టా అయింది సూడు" అన్నాడు ట్రెయిలర్ వెంట వచ్చిన లతీఫ్.

"ఎటుంటే ఏంది లతీఫ్ భాయ్, రెండు దిక్కులా పోతది గదా" అన్నాడు దేవరాజ్. "ఫోటోలకు చెరువు దిక్కే మంచిగుంటది."

అదీ నిజమే. రెండు దిక్కులా పోయే బండికి ముఖం ఎటుంటేనేం? ఆ క్షణాన ముత్తయ్యకు కూడా అలాగే అనిపించింది.

ఫ్యాక్టరీ మనుషుల నోట ముందు, వెనక అన్న మాటలు ఉండేవి కావు. వాళ్లకు ఉన్నవి రెండే, లోపలికి, బయటికి. బండిని కదిలించే రాడ్డు ముందుకు తోస్తే ముక్కు ఉన్న దిక్కుకు, అంటే నిండు చెరకుతో ఫ్యాక్టరీ 'లోపలికి'. రాడ్డు తనవైపు గుంజితే ఖాళీ డబ్బాలతో పొలాల దిక్కు 'బయటికి'. ఇంజనును తిప్పే చోటే లేదు కాబట్టి ఆ మాటలు ఎన్నడూ తప్పలేదు. మాట చెవిన పడితే చెయ్యి దానంతటదే కదిలేది, మధ్యలో బుర్రకు పనే లేదు. ఇప్పుడు ముక్కు తిరిగింది. 'బయటికి' అంటే తోయాలి, 'లోపలికి' అంటే గుంజాలి. ముప్పయ్యేళ్లు చెప్పకుండా చేసిన చేతిని ఇప్పుడు, అలిగిన అల్లుణ్ని సముదాయించినట్టు, బండి కదిలే ప్రతిసారీ సముదాయించాలి. ఆగు, ముక్కు ఎటుందో చూడు, అటు కాదు, ఇటు. వచ్చిన జనానికి అదేమీ కనబడదు. మీసం మెలేసుకుని నింపాదిగా బండి నడిపే ముసలాయన కనబడతాడు.

ఇది చాలదన్నట్టు వేషం ఒకటి. దేవరాజ్ గేటు దగ్గర పెద్ద బోర్డు పెట్టించాడు, 'ముత్తయ్య బండి' అని. పక్కన తెల్ల రుమాలు చుట్టిన ముత్తయ్య బొమ్మ. ఆ రోజు నుంచి రుమాలు చుట్టుకోవడం కూడా డ్యూటీలో భాగమైంది. దిగితే సెల్ఫీ, ఎక్కితే సెల్ఫీ. "తాతా, ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు ఏడ్చినవా?" అని అడిగేవాళ్లు, ఏడ్చానని చెప్పేదాకా వదలరు. ఎద్దు పుండు కాకికి ముద్దు.

సాయంత్రం ఇంటికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంటే, భార్య ఎంకవ్వ మంచినీళ్ల చెంబు పక్కన పెట్టి చూసేది.

"బండి నడిపొచ్చినట్టు లేవు, లాగొచ్చినట్టున్నవు" అనేది.

ముత్తయ్యకు కావలసింది ఒక్కటే, ఆ సీటు దిగిపోవడం. అయితే ఊరికే దిగిపోతే సరిపోదు. ఆ సీటు అనిలకు దక్కాలి.

అనిలది గాంధారి. అక్కడి నుంచి కామారెడ్డికి ఆటో నడిపేది. ఆటో మూలపడ్డాక ఇక్కడ టికెట్లు చింపే పనికి చేరింది. ఖాళీ ఉన్నప్పుడల్లా ఇంజను ఎక్కి ముత్తయ్య పక్కన నిలబడేది. ఆయన తనకు తెలిసిన రెండు మాటలతోనే నేర్పాడు. ఆమె చేతికి పాత అలవాటు లేదు గనుక ఏ తిరకాసూ లేకుండా నేర్చుకుంది. బ్రేకు వేస్తే డబ్బాల్లో నిలబడ్డవాళ్లకు కూడా తెలిసేది కాదు.

"నాకు చాతనైతలేదు కొడుకా" అని ముత్తయ్య దేవరాజ్‌తో చెప్పి చూశాడు. "అనిల మంచిగ నడుపుతది. ఆమెను కూసోబెట్టు."

"బాపూ, జనం వచ్చేది నీ మొకం జూసి. నువ్వు లేకుంటే గిది ఒట్టి డబ్బ. ఆమె నడిపితే ఎవలొస్తరు? నువ్వు దిగుతనంటే ఇంకో పెద్దమనిషిని తెచ్చి రుమాలు చుడుత గని, ఆమెను మాత్రం కూసోబెట్ట."

అంటే తాను దిగితే అనిల ఎక్కదు. అనిల ఎక్కేదాకా తాను దిగలేడు. ముత్తయ్య మళ్లీ రుమాలు చుట్టుకున్నాడు.

ఆ ఆదివారం జనం ఎక్కువ. పొద్దుటి నుంచి తిరిగి తిరిగి, మధ్యాహ్నానికి ముత్తయ్య కళ్లలో ఇసుక పోసినట్టుంది. బండి ఫ్యాక్టరీ గేటు దగ్గర నిండుగా ఉంది. డబ్బాల వెనక పట్టాలు ముగిసేచోట అడ్డంగా పేర్చిన చెక్కదిమ్మెలు, వాటి వెనకే అనసూయమ్మ మక్క కంకులు కాల్చే తోపుడుబండి. చెరువు దిక్కు కదలాలి. ఎవరో పసివాణ్ని కిటికీలోంచి ముత్తయ్య ఒళ్లోకి అందించి ఫోటోకు నవ్వమన్నారు. తీశారు. ఆయన పసివాణ్ని తిరిగి ఇచ్చాడు.

"బయటికి బాపూ" అంది పక్కనున్న అనిల.

చెయ్యి రాడ్డును గుంజింది.

బండి వెనక్కి నడిచింది. ముత్తయ్యకు అది వెంటనే తెలియలేదు. డబ్బాల్లో అరుపులు వినబడేసరికి అనిల ఆయన మీదుగా వంగి బ్రేకు లాగింది. అయినా చివరి డబ్బా దిమ్మెలను పడగొట్టి కంకుల బండిని తన్నింది. నిప్పులూ కంకులూ నేలపాలయ్యాయి. అనసూయమ్మ పక్కకు ఉరికింది గనుక బతికింది. డబ్బాల్లో ఒకామె పెదవి చిట్లింది. అంతకు మించి ఏమీ కాలేదు. అయ్యేదే అయితే ఇంకా చాలా అయ్యేది.

దేవరాజ్ పరుగెత్తుకొచ్చాడు. ఇంజనులో ఇద్దరినీ చూశాడు, ఎవరినీ ఏమీ అడగలేదు. నేరుగా వెళ్లి మైకు అందుకున్నాడు.

"నేర్చుకునే పిల్ల చెయ్యి తగిలింది, ఎవలు భయపడొద్దు. మన ముత్తయ్య బాపు టైముకు బ్రేకు కొట్టి అందరిని కాపాడిండు."

జనం చప్పట్లు కొట్టారు.

ముత్తయ్య నోరు తెరవాలనుకున్నాడు. అలసట కాళ్లలోనే ఉంటుందనుకుంటాం, అది నాలుక మీద కూడా కూర్చుంటుంది. అలసట ఒక్కటే అంటే అబద్ధం, సిగ్గు కూడా ఉంది. అనిల ఆయన వైపు ఒకసారి చూసి దిగి వెళ్లింది. సాయంత్రం ఆమెను రేపటి నుంచి రావద్దన్నారు.

ఇంటికి పోయి ముత్తయ్య అన్నం ముందు కూర్చుని జరిగింది చెప్పాడు. ఎంకవ్వ అంతా విన్నది.

"మరి చెప్పకపోతివా?"

"చెప్పలే."

"రేపు పొయ్యి చెప్పు. ఆ పిల్ల ఉసురు మనకెందుకు" అంది. ఆమె తిట్టి ఉంటే ఆయనకు కొంచెం బాగుండేది.

సోమవారం బండికి సెలవు. గేర్లు చూడటానికి లతీఫ్ కామారెడ్డి నుంచి వచ్చాడు, దేవరాజ్ కూడా ఉన్నాడు. ముత్తయ్య ఫోన్ చేసి రమ్మంటే అనిల వచ్చింది కానీ దూరంగా నిలబడింది.

"ఎందుకు పిలిచినవ్ బాపూ? నిన్న చెప్పరాదా గా మాట?"

లతీఫ్ ఇంజను కింద నుంచి లేచి చేతులు తుడుచుకున్నాడు.

"గేర్ల ఏం ఖరాబీ లేదు" అన్నాడు.

"గేర్ల కాదు, ఖరాబీ నాల ఉన్నది" అన్నాడు ముత్తయ్య. "రాడ్డు గుంజింది నేను. బ్రేకు కొట్టింది ఈ పిల్ల."

దేవరాజ్ ముఖం మెత్తబడింది. దగ్గరికి వచ్చి ముత్తయ్య రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నీది పెద్ద మనసు బాపూ. పిల్ల కోసం తప్పు నెత్తినేసుకుంటున్నవు. ముప్పై ఏండ్లు నడిపినోనివి, నువ్వు గుంజుతవా? నమ్మేటోడు ఉండాలె గద."

బొమ్మగా మార్చి బోర్డు మీద పెట్టాక మనిషికి తప్పు చేసే హక్కు కూడా పోతుంది. ముత్తయ్యకు మొదటిసారి నిజంగా కోపం వచ్చింది. డబ్బాలు విప్పమన్నాడు. లతీఫ్ విప్పాడు. ఒట్టి ఇంజనును అనిల చేత గేటుకూ చెరువుకూ మధ్య, చుట్టూ మనుషులు లేని చోటికి తెప్పించాడు. అందరినీ పట్టాలకు దూరంగా నిలబెట్టి తాను ఎక్కి కూర్చున్నాడు.

"బిడ్డా, నిన్నటి లెక్కనే అను. ఎప్పుడన్న అను."

ఆయన లోపల ఒక ఉపాయం వేసుకునే వచ్చాడు. నిజంగా తప్పుతానని అనుకోలేదు. నిన్న ఎండ, జనం, పసివాడు, అందుకే అలా అయింది. ఇవాళ చల్లగా ఉంది, మనసు నిమ్మళంగా ఉంది. కావాలనే గుంజుతాడు. దేవరాజ్ నమ్మేలా గుంజాలి, మరీ నాటకంలా ఉండకూడదు. కొంచెం ఆలోచించినట్టు ఆగి, అప్పుడు గుంజాలా? ఆగకుండానే గుంజాలా?

"బయటికి బాపూ."

ఆగి గుంజితేనే బాగుంటుందని ఆయన తేల్చుకుంటుండగా పక్కనున్న తుమ్మచెట్టు ముందుకు జరిగింది. ముత్తయ్య కిందికి చూశాడు. రాడ్డు అప్పటికే తనవైపు ఉంది, దాని మీద తన చెయ్యి ఉంది. బండి ఫ్యాక్టరీ వైపు వెనక్కి పోతోంది. ఆ చెయ్యి ఆయనను అడగలేదు.

బ్రేకు వేశాడు. కాసేపు దిగలేకపోయాడు. నాటకం ఆడుదామని వచ్చినవాడికి ఆడే అవసరమే లేకపోయింది. అందుకే ఆయనకు ఏడవాలనిపించింది.

కింద దేవరాజ్ చేతిలో ఫోన్ ఉంది కానీ ఫోటో తీయడానికి పైకి లేవలేదు. బాపు ముఖంలో నాటకం లేదని ఆయనకు కూడా తెలిసింది. లతీఫ్ ముందుకొచ్చి చెయ్యి అందించాడు.

"దిగు ముత్తన్నా. చాలు."

ముత్తయ్య దిగి రుమాలు విప్పి భుజాన వేసుకున్నాడు. దేవరాజ్ అనిల వైపు చూడకుండా, "పాప, బండి గేటుకాడ పెట్టు. రేపు పొద్దుగాల జల్ది రా, నువ్వే నడపాలె" అన్నాడు. అనిల ముత్తయ్య దగ్గరికొచ్చి నిలబడింది. ఆమె కోపం ఇంకా పూర్తిగా పోలేదు, అయినా అడిగింది.

"పక్కన కూసుంటవా బాపూ?"

"లేదు బిడ్డా. నేను నడిచిపోత."

నడిచాడు. గేటు దాకా పోవడానికి పట్టాలే దగ్గరి దారి. మోకాళ్లు నొప్పిగా ఉన్నా ఒళ్లు తేలికైనట్టే ఉంది. ఇంటికి పోయి బర్రెలకు గడ్డి వేసి పడుకోవాలి, రేపు ఎంత పొద్దెక్కినా లేవకూడదు అనుకుంటూ పోతున్నాడు. వెనక నుంచి హారన్ వినబడింది.

ఈ పట్టాల మీద ఆయన ఎందరిని హారన్ కొట్టి లేపాడో లెక్కలేదు. ఎడ్లను, చెరకు కొట్టే కూలీలను, పట్టా మీద తలపెట్టి పడుకున్న తాగుబోతులను. తన కోసం ఎవరో కొట్టడం ఇదే మొదలు. హారన్ మళ్లీ మోగింది, ఈసారి పొట్టిగా, మర్యాదగా. ముత్తయ్య పట్టాలు దిగి కంకర మీద నిలబడ్డాడు. ఇంజను నెమ్మదిగా పక్క నుంచి పోయింది, అనిల చెయ్యి ఊపింది. కావాలని అడిగిందే దొరికింది, అయినా చేతిలోంచి ఏదో జారిపోయినట్టుంది. చెయ్యి ఎత్తుదామనుకున్నాడు గానీ ఎత్తలేదు. బండి మలుపు తిరిగేదాకా ఆ కంకర మీదే నిలబడి, తర్వాత పట్టాలు ఎక్కకుండా పక్కనున్న బాటలో ఇంటికి నడిచాడు.