పైడితల్లి నడిచి గీసిన గీత

నేను ఒక ప్రొజెక్టరును. తెల్లని ఒళ్లు, ఒంటి కన్ను, కాస్త ఎక్కువసేపు పనిచేస్తే వేడెక్కిపోయే తల. పుట్టింది ఎక్కడో సముద్రాల అవతలి ఫ్యాక్టరీలో. బతికింది మాత్రం గెడ్డపాలెం హైస్కూల్లో. నన్ను ఈ బడికి ఇచ్చింది రొయ్య పిల్లల వ్యాపారం చేసే ఒక పెద్దమనిషి. తన పేరు నా వీపు మీద పట్టకపోతే పక్కలకి కూడా రాయించారు. ఆ రంగుకి నాకు గాలాడే చిల్లులు సగం మూసుకుపోయాయి. అయినా ఇచ్చిన చేతిని తప్పుపట్టకూడదు కాబట్టి ఊరుకున్నాను.

నన్ను అందుకున్న హెడ్మాస్టరు గారు తెగ మురిసిపోయారు. మురిసిపోయి, బీరువాలో పెట్టి తాళం వేశారు. వాడితే పాడైపోతానట. ఇష్టమైన వస్తువును మనుషులు ఎలా చూసుకుంటారో నాకు అప్పుడే తెలిసింది. బొద్దింకలతో కాపురం చేస్తూ, నా కంటి వెలుగు ఎలా ఉంటుందో నాకే తెలియకుండా చాలా కాలం పడి ఉన్నాను.

బదిలీ మీద వచ్చిన సోషల్ టీచర్ విశాలాక్షి గారు ఆ తాళం తీయించారు. "సోషల్‌కి ఇదంతా ఎందుకమ్మా, చదివిస్తే సరిపోదా?" అని హెడ్మాస్టరు గారు నసిగారు. "పిల్లలకి ఢిల్లీ ఎక్కడుందో తెలుసు సార్. తమ ఊరు ఎక్కడుందో చూపించమంటే దిక్కులు చూస్తున్నారు" అన్నారావిడ.

మొదటిరోజు ఆవిడ నా వెలుగులో గోడ మీద ఆకాశంలోంచి తీసిన ఊరి బొమ్మ వేశారు. తొమ్మిదో తరగతి మొత్తం బల్లలెక్కింది. "అదిగో మా పడవ," "అది మీ పడవ కాదెహె, మాది" అని ఒకటే గోల. నాకు ఒళ్లు పొంగిపోయింది. ఇందరి కళ్లు నా మీదే ఉన్నాయనుకున్నాను. వాళ్లు చూస్తున్నది తమ ఊరిని. అది అర్థం చేసుకునేంత బుద్ధి నాకు అప్పటికింకా లేదు. ఎవడైనా కిటికీ వైపు తల తిప్పితే చాలు, నాకు చిన్నతనంగా ఉండేది.

ఆ గోలలో మాట్లాడని పిల్ల ఒకతె ఉంది. పేరు పైడితల్లి. వాళ్లది ఊరి పక్కన సముద్రంలో కలిసే వాగుకి, అదే మా గెడ్డకి, అవతలున్న రేవుపేట. సముద్రం ఆటు మీద ఉన్నప్పుడు అక్కడి పిల్లలు పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకుని గెడ్డలో దిగి వచ్చేవారు. పోటు వస్తే సరుగుడు తోటల్లోంచి చుట్టూ తిరిగి, మెయిన్ రోడ్డు వంతెన దాటి రావాలి. ఇంటికి చేరేసరికి చీకటి పడేది.

ఒకరోజు పైడితల్లి అమ్మ అసిరమ్మ చేపల తట్ట గుమ్మం బయట దించి లోపలికి వచ్చింది. "ఏటనుకోకండి టీచరమ్మా. దసరా సెలవులయ్యాక పిల్లని బడికి పంపను. సీకటడ్డాక ఆ తోటలోంచి ఇదొత్తంటే నా పేనం గుమ్మంలోనే ఉండిపోతంది" అంది. పైడితల్లి నా పక్కనే నిలబడి తల వంచుకుంది. మా ఊరిదాకా వచ్చి తిరిగిపోయే బస్సును పొద్దునా సాయంత్రం రేవుపేట దాకా నడిపితే చాలు. కానీ రేవుపేట వాళ్లు అదివరకే బస్సు డిపోలో అర్జీ పెట్టి చూశారు. కాగితాల్లో రేవుపేట గెడ్డపాలేనికి రెండు కిలోమీటర్లే, నడిచి వెళ్లొచ్చని జవాబు వచ్చింది.

"అయితే ఈసారి అర్జీతో సరిపెట్టం. చూపించి అడుగుదాం" అన్నారు టీచర్.

ఇక మొదలైంది నా కష్టకాలం. కంప్యూటరు కొత్తగా పట్టుకున్న పిల్లలు కదా, గోడ మీద చూపడానికి మొదట వాళ్లు తయారు చేసిన బొమ్మలు చూసి నాకే కళ్లు తిరిగాయి. ఒక్కో అక్షరం ఒక్కో మూల నుంచి గెంతుతూ వచ్చేది. వెనకాల మంచు కొండలు, పక్కన గులాబీలు. మధ్యలో ఒక భీకరమైన వరద ఫొటో. "ఇది మన గెడ్డేనా?" అని టీచర్ అడిగారు. "కాదండి. నెట్‌లో దొరికింది. బాగా బయ్యంగా ఉందని ఎట్టినాం" అన్నాడొకడు. "ఎవరి వరదో చూపించి మనం బస్సు అడుగుతామా? రేపు ఆ ఒక్కటి అబద్ధమని తేలితే మిగతావన్నీ ఎవరు నమ్ముతారు?" అన్నారావిడ. ఆ ఫొటో పోయింది, గులాబీలు పోయాయి. పిల్లలు రేవుపేటలో ఇల్లిల్లూ తిరిగి, బడి మానేసిన ఆడపిల్లలెవరో, ఎందుకు మానేశారో అడిగి రాసుకొచ్చి, దాన్ని పటంగా వేశారు.

అసలు సంగతి ఫోనుతో తేలింది. చేతిలో పట్టుకుని నడిస్తే, నడిచిన దారినంతా గీతగా గీసే వీలు అందులో ఉంది. టీచర్ తన ఫోను పైడితల్లికి ఇచ్చి, తోడుగా వెళ్లారు. మర్నాడు ఆ గీత నా వెలుగులో గోడ మీద పడింది. కాగితం మీది దూరం గెడ్డ నీళ్ల మీదుగా తిన్నగా పోతోంది. పిల్ల నడిచిన దారి గెడ్డ వెంట మెలికలు తిరిగి, తోటల్లో దూరి, వంతెన ఎక్కి దిగి, ఎప్పటికో రేవుపేట చేరుతోంది. పిల్లలు బల్లలెక్కి ఆ మెలికలు వేలితో లెక్కపెట్టారు. పైడితల్లి మాత్రం తను రోజూ పడే పాటు ఇంత పొడవని అప్పుడే చూసినట్టు నిలబడిపోయింది.

సెలవులకి ముందు, టీచర్ పిలుపు మీద డిపో మేనేజరు గారు బడికి వచ్చారు. ఆ పొద్దున్నే మా అటెండరు అప్పన్న, శుభం జరగాలని నాకు కొబ్బరికాయ కొట్టి, గంధం రాసి, పెద్ద కుంకుమ బొట్టు పెట్టాడు. నా కంటినే నుదురనుకున్నాడు పాపం. నన్ను వెలిగించగానే గోడంతా ఎర్రటి మసక. తుడిస్తే గంధం ఇంకా పాకింది. పిల్లల మొహాల్లో నెత్తురు చుక్క లేదు. అప్పన్న గుమ్మం పట్టుకుని, "మంచి జరగాలనే కదమ్మా ఎట్టినాను" అని కళ్లొత్తుకున్నాడు. నాకు సిగ్గుతో తల వేడెక్కింది. నా బతుకులో ఒక్క ముఖ్యమైన రోజున నేను గుడ్డిదాన్నయ్యాను.

మేనేజరు గారు చేతి గడియారం చూసుకున్నారు. అప్పుడు పైడితల్లి టీచర్ ఫోను తీసుకుని ఆయన దగ్గరికి వెళ్లింది. చిన్న తెర మీద ఆ గీత చూపించింది. ఆయన కళ్లజోడు సవరించుకుని వంగారు.

"ఈ గీత ఎవరు గీశారమ్మా?"

"ఎవులూ గియ్యలేదండి. ఫోను అట్టుకుని ఇంటికి నడిసెల్లేను. అదే గీసుకుంది."

"మరి ఈ రెండు కిలోమీటర్లు?"

"అది నీల్లమీద దారండి. మాకు నడిసే దారి ఇదే."

ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నవన్నీ కాగితం చూడకుండా చెప్పింది. ఎవరి కూతురు ఎందుకు మానేసిందో పేరుపేరునా చెప్పింది. మానబోయే తన పేరు దగ్గరికి వచ్చేసరికి ఫోను ఆయన చేతిలో పెట్టేసింది. మేనేజరు గారు కుర్చీలోంచి లేచి, "పదండి, నేనూ నడుస్తాను" అన్నారు. ఇసక నిండిన బూట్లు చేత్తో పట్టుకుని రేవుపేట చేరారని మర్నాడు పిల్లలు చెప్పుకుని నవ్వుకున్నారు.

అప్పన్నా, నీకు నా దండం. ఆ బొట్టే లేకపోతే ఆయన కుర్చీలో వెనక్కి వాలి నా బొమ్మలు చూసి, బాగుందని మెచ్చుకుని వెళ్లిపోయేవారు. పిల్ల మొహం చూసేవారు కాదు.

ఇప్పుడు ఆ గదిలో గోడంత తెర వచ్చింది. నేను స్టోరు గదిలో, చిరిగిన పటాల పక్కన ఉన్నాను. నాకేం దిగుల్లేదు. తాళం తీయించిన టీచరుకి, నా వెలుగులో ఊరిని వెతుక్కున్న పిల్లలకి ఎంత రుణపడ్డానో తలుచుకుంటే పొద్దు తెలియదు. అన్నిటికన్నా ఎక్కువగా తలుచుకునేది దసరా సెలవుల తరవాత బడి తెరిచిన పొద్దున్ని.

టీచర్ నన్ను వెలిగించి పాఠం మొదలుపెట్టారు. పైడితల్లి చోటు ఖాళీగా ఉంది. పాఠం చెబుతూనే ఆవిడ మాటిమాటికీ గుమ్మం వైపు చూస్తున్నారు. ఇంతలో రోడ్డు మీద హారన్ మోగింది. "రేవుపేట బస్సెహె" అన్నారెవరో. అంతే, తరగతి తరగతంతా బయటికి పరుగెత్తింది. సుద్దముక్క చేతిలోనే ఉండగా టీచర్ కూడా పరుగెత్తారు. కిటికీలోంచి చూశాను. బస్సులోంచి ముందుగా పైడితల్లి దిగింది. వెనకాలే, పిల్లని బడి గుమ్మం దాకా దింపి పోదామని వచ్చిన అసిరమ్మ.

గదిలో ఖాళీ బల్లల ముందు నేనొక్కదాన్నే వెలుగుతూ ఉన్నాను. ఒక్కరూ నా వైపు చూడలేదు. నాకు అంత సంతోషం మళ్లీ ఎప్పుడూ కలగలేదు.