తారు పూసిన గోడ

గూట్లో చెయ్యి పెట్టగానే ఏసోబుకు తెలిసిపోయింది, ఇదీ తోలుగుడ్డే. గోరువెచ్చగా, మెత్తగా, ముసలిదాని చెవితమ్మెలా అరచేతిలో వాలిపోయింది. పెంకు లేదు. పైన పల్చటి పొర, లోపల సొన కదులుతోంది. గంపలో వేస్తే చిట్లుతుందని దోసిట్లోనే పట్టుకుని బయటికొచ్చాడు.

ఇవాళ తొమ్మిది గుడ్లు. తొమ్మిదీ అంతే. నాలుగు రోజులుగా గట్టిగుడ్డు కంటపడలేదు. రాతి నేల మీద రెండు పెట్టలు కాళ్లు చాపి పడున్నాయి. లేపి నిలబెడితే రెండడుగులు వేసి మళ్లీ కూలబడ్డాయి. గుడ్లకొచ్చి ఇంకా రెండు నెలలు కాలేదు.

మొత్తం ముప్పై ఆరు సీమ పెట్టలు. చాకలి ఉతికి ఆరేసినట్టు తెల్లగా ఉంటాయి. బుద్ధి మాత్రం లేదు. నెత్తిన గద్ద తిరుగుతుంటే తలెత్తి వేడుక చూస్తాయి. ఆ లెక్కన అయ్యగారికీ వాటికీ పెద్ద తేడా లేదని ఏసోబు ఉద్దేశం.

నకరికల్లులో అమరేశ్వరరావుగారి లోగిట్లో ఏసోబు పనికి కుదిరి ఇరవై ఎనిమిదేళ్లు. అయ్యగారికి ముచ్చట్లు ఎక్కువ. మొదట గుర్రమన్నారు. అది కడుపుబ్బి చచ్చింది. తర్వాత వేటకుక్కలు, ఆ తర్వాత పావురాలు. ప్రతి ముచ్చటకీ మేత పెట్టింది ఏసోబు, చివర గొయ్యి తవ్విందీ ఏసోబే. యుద్ధం ముగిసిన మరుసటేడు ఈ కోళ్లు దిగాయి. సీమ కోళ్లను మట్టి తొక్కనివ్వకూడదని ఎవరో చెప్పారట. నాపరాళ్లు పరిచిన గది కట్టించి, ఇనప వల బిగించి, గోడలకు తెల్లగా సున్నం కొట్టించారు.

పెట్టలు గుడ్లకు రాగానే గోడ మీద పడ్డాయి. మోకాలెత్తున సున్నమంతా పొడుచుకు తిన్నాయి. ఏసోబు చూసి ఊరుకున్నాడు. వాళ్ల నాన్న సున్నపు బట్టీలో కూలి. బట్టీ చుట్టూ తిరిగే నాటుకోళ్లు రాలిన పెళ్లలు తిని పెట్టిన గుడ్లు, బండకేసి కొడితేగాని పగిలేవి కావు. పెట్ట దేన్ని వెతుక్కుని తింటే దాని ఒంటికి అదే కావాలి. మనిషిలా కాదు, ఎవరికో చూపించడానికి తినదు.

అయ్యగారు చుట్టాలను వెంటబెట్టుకొచ్చి చూసి, గోడకు గజ్జి పట్టిందేమిటని మండిపడ్డారు. మర్నాడే మోకాలెత్తు దాకా తారు పూయించారు. పూసింది ఏసోబే. అప్పుడే చెప్పొచ్చు. అడగనివాడికి చెప్పడం దేనికని తారు బాల్చీ ఎత్తుకున్నాడు. ఆ పొగరు తలుచుకుంటే ఇప్పుడు తన మీద తనకే అసహ్యం. ఎదుటివాడి తెలివితక్కువతనాన్ని చూసి లోపల లోపల నవ్వుకోవడమే ఇన్నేళ్లూ తను బతికిన బతుకు. ఆ నవ్వుకి ఇప్పుడు ముప్పై ఆరు పెట్టలూ ఒక్కొక్కటే కూలబడుతున్నాయి.

పది రోజుల కిందట మూడు పెట్టల్ని విడిగా గంప కింద మూశాడు. వాగులో నత్తగుల్లలు ఏరుకొచ్చి, పొడి కొట్టి, నూకల్లో కలిపి పెడుతున్నాడు. భార్య రాహేలు చూసి చూసి పొద్దున దెప్పింది.

"గుల్లలు దంచటానికి చేతులున్నయ్. ఆయనకి చెప్పటానికి నోరు లేదా నీకు?"

ఏసోబు గంప దగ్గరికి నడిచాడు. గంప ఎత్తితే మూడింట్లో ఒకటి లేచి తిన్నగా నడుస్తోంది.

పొద్దెక్కాక అయ్యగారి బావమరిది కోటిలింగం నరసరావుపేట నుంచి దిగాడు. యుద్ధంలో కంచరగాడిదలకు గొట్టంతో మందు పట్టే పని చేసొచ్చాడు. అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఆయన డాక్టరు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, గడప అవతలే నిలబడి, పడున్న పెట్టను చేతికర్రతో పొడిచాడు. అంటు తెగులన్నాడు. ఇవాళే అన్నిటినీ కోసి తగలబెట్టకపోతే మనుషులకీ పాకుతుందన్నాడు. అయ్యగారు పంచె ఎగ్గట్టుకుని నాలుగడుగులు వెనక్కి వేశారు.

ఇరవై ఎనిమిదేళ్లలో మొదటిసారి ఏసోబు అడక్కుండా నోరు తెరిచాడు.

"తెగులు కాదయ్యా. సున్నం చాలక. గోడకి తారేసినాం గదా, అప్పట్నుంచే ఈ తిప్పలు. నాలుగు రోజులు ఆగండి. గుల్లలు పెడతన్నా."

"ఏం గుల్లలురా?"

"వాగులోయి. నత్తగుల్లలు."

కోటిలింగం నవ్వాడు. "తెగులు ఎట్టొచ్చిందో తేలిపోయింది బావా. మీవాడు కోళ్లకి కూడా వాళ్ల ఇంటి కూరే పెడుతున్నాడు."

అయ్యగారూ నవ్వారు. "ఒరే ఏసోబూ, గట్టిగుడ్డు ఒక్కటంటే ఒక్కటి తెచ్చి నా బల్ల మీద పెట్టు, నీ మాట వింటా. లేదా, కత్తి తీసుకో."

ఏసోబు గంప ఎత్తి చూశాడు. గడ్డి ఖాళీగా ఉంది. గుడ్డుకి ఒక రోజు పడుతుంది. అయ్యగారి ఓపిక భోజనాల వేళ దాకా.

కత్తి తీసుకున్నాడు. కోడిపుంజు కోసం రాజ్యాలు తగలబెట్టుకున్న సీమ ఇది. ఆ కథ చెప్పుకుని ఇప్పటికీ మీసాలు తిప్పుతారు. పెట్ట కడుపులో ఏముందో ఎవడిక్కావాలి? దొడ్డి వెనక గొయ్యి తవ్వి, ఒక్కోదాన్నీ మోకాళ్ల సందున ఇరికించుకుని కోశాడు. పట్టుకుంటేనే కొన్నిటి ఎముకలు కందిపుల్లల్లా విరిగాయి. సరిగా అరవడం కూడా రాలేదు సన్నాసివాటికి.

నడిచిన పెట్టను చివరికి ఉంచాడు. మెడ వాలిపోయాక చెయ్యి పొత్తికడుపు కింద తగిలింది. గట్టిగా ఉంది. చీల్చి తీశాడు. తెల్లటి గుడ్డు, నిండా పెంకుతో. గోటితో కొడితే టక్కుమంది. ఇంకో పూట ఆగితే గడ్డిలో ఉండేది. ఏసోబుకు నవ్వొచ్చింది, కానీ ఈసారి లోపల దాచుకోలేదు.

గొయ్యిలో కంప పేర్చి అంటించి, చేతులు కడుక్కుని వసారాలోకి వెళ్లాడు. అయ్యగారు పడక కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. గుడ్డును బల్ల మీద కళ్లద్దాల పక్కన ఉంచాడు. కోళ్లగది తాళంచెవి మేకుకు తగిలించాడు. గూడేనికి పోయి రాహేలుతో ఒకే మాట అన్నాడు, "బట్టీకి పోదాం పదవే." ఆమె ఎందుకని అడగలేదు, మూట కట్టింది.

అయ్యగారు లేచి మంచినీళ్లకు ఏసోబును మూడుసార్లు కేకేశారు. తర్వాత బల్ల వైపు చూశారు. తెగులుగుడ్డు, ఎవరూ ముట్టుకోవద్దని కోటిలింగం అందర్నీ హెచ్చరించాడు. అలాంటివి ఎత్తి పారేసే మనిషి ఆ ఇంట్లో ఒక్కడే ఉండేవాడు. అందుకని ఆ గుడ్డు అక్కడే ఉండిపోయింది, కళ్లద్దాల పక్కన, పెంకు మీద ఎండిన నెత్తురు గీతతో.