బుట్టక్క మాడువి

మా ఊరి నుంచి చెల్లి పంపిన ఫొటో చూడగానే నాకు ఒళ్ళు మండిపోయింది. బస్ డిపో ఎదురుగా ఉండే బర్గర్ల కొట్టు అది. బడి చివరి మూడేళ్ళూ మా సాయంత్రాలన్నీ అక్కడే తగలబడ్డాయి. పదేళ్ళుగా మూతపడి ఉన్నదాన్ని మళ్ళీ తెరిచారు. తెరవనీ, మంచిదే. కానీ గోడంతా ఆకుపచ్చ రంగు కొట్టించి, దానిమీద ఇంత లావు అక్షరాలతో ఇలా రాయించారు: ‘ఙాపకాల రుచి! మాడువి! ఇరవై తొమ్మిదేళ్ళ క్రితం ఇదే బల్ల దగ్గర మా యజమాని స్వయంగా కనిపెట్టిన వంటకం!’

నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. ఇరవై రెండేళ్ళుగా అదే పని. కాబట్టి మొదటి మంట ‘ఙాపకాల’ దగ్గరే పుట్టింది. జ్ఞాపకాలు అమ్ముకు బతికేవాడికి ఆ మాట రాయడం కూడా రాకపోతే ఎలా? ఇంతలో ‘స్వయంగా కనిపెట్టిన’ అన్నది కంటపడింది, ఇక మొదటి మంట లెక్కలోకే రాలేదు. ఆ యజమాని ఎవరో కాదు, మా జట్టులోని సాసుగాడు. ఊరికే ఇస్తున్నారు కదా అని సాసు పొట్లాలు వెనక జేబులో కుక్కుకుని, మర్చిపోయి వాటిమీదే కూర్చుని, ఎర్రబడ్డ ప్యాంటుతో ఇంటిదాకా గోడలకి ఆనుకుంటూ నడిచిన మహానుభావుడు. వాడు జీవితంలో కనిపెట్టింది ఏదైనా ఉంటే అదొక్కటే.

మాడువి కనిపెట్టింది బుట్టక్క.

ఆ కొట్టులో నాలుగు బల్లలుండేవి. మా బల్లకి ఒక కాలు పొట్టి, దానికింద మడతపెట్టిన అట్టముక్క. కూల్‌డ్రింకుల మిషనుకి మూడు గొట్టాలుంటే మధ్యది ఎప్పుడూ గాలే వదిలేది. ఎదురుగా బస్సు స్టార్టయితే లోపల గ్లాసులు గలగలమనేవి. తలుపు పక్కన రేకు డబ్బా ఒకటి, దానిమీద ‘సలహాల పెట్టె’ అని రాసి ఉండేది. మేము తప్ప దాని ముఖం చూసినవాళ్ళు లేరు. సాసుగాడు అందులో కోతిబొమ్మలు గీసి వేసేవాడు. ఆరుగురం కలిసి ఒకే బర్గరు కొని, ప్లాస్టిక్ కత్తితో ఆరు ముక్కలు చేసుకుని రెండు గంటలు కూర్చునేవాళ్ళం. ఇంకెక్కడైనా అయితే మెడపట్టి గెంటేవాళ్ళు. బుట్టక్క గెంటలేదు.

ఆమె అసలు పేరు మాకు అక్కర్లేకపోయింది. తీగల బుట్టలో బంగాళాదుంప ముక్కలు పోసి, మరిగే నూనెలో ముంచి, పైకి తీసి విదిలించేది. మూడు విదిలింపులు, చివర ఒక చిన్న కుదుపు. ఆ కుదుపు చూసే బుట్టక్క అని పేరు పెట్టాం. ఒకరోజు నేను సైన్సు పరీక్ష తప్పి బల్లమీద తలపెట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తుంటే, బుట్ట నూనెలోనే వదిలేసి వచ్చి నా పక్కన కూర్చుంది. తలమీద చెయ్యేసి ఏవేవో చెప్పింది. ఆమె తిరిగి వెళ్ళేసరికి ముక్కలన్నీ నల్లబడిపోయాయి. పారేయడానికి మనసొప్పలేదు కాబోలు, బుట్ట అడుగున పడిన పొట్టిముక్కలు ఏరి, ఉప్పూ మిరియాలూ చల్లి, కాగితం పొట్లంలో పోసి తెచ్చింది.

“మాడిపోయాయే. తిడితే తిట్టండి,” అంది.

తిట్టడమా! పొట్లం అడుగున ఉప్పు కూడా వేళ్ళతో అద్దుకుని నాకేశాం. కరకరలాడుతూ, కాస్త చేదుగా, ఆపకుండా తినాలనిపించే రుచి. మర్నాటి నుంచి రోజూ మాకోసం కావాలనే ఒక గుప్పెడు మాడ్చేది. అలా వాటికి ‘మాడువి’ అని పేరొచ్చింది. నెల తిరక్కుండా ఆ మాట మా జట్టు మాటైపోయింది. ఎవరైనా బాగా పాడితే అందరూ ‘చంపేశావ్’ అంటే మేము ‘మాడ్చేశావ్’ అనేవాళ్ళం. లెక్కల మాస్టారు కొత్త చొక్కా వేసుకొస్తే ‘సార్ ఇవాళ మాడ్చేస్తున్నారే’ అనుకునేవాళ్ళం. మిగతా తరగతికి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మా గొప్పంతా అదే.

తర్వాత ఒక సోమవారం వెళ్తే బుట్ట దగ్గర ఇంకెవరో ఉన్నారు. బుట్టక్క మానేసింది అన్నారు. మాకు మాటైనా చెప్పకుండా వెళ్ళిపోయిందని ఆమె మీదే అలిగాం. కోపంకొద్దీ ఆ కొట్టుని వెలివేశాం కూడా. నాలుగు రోజులు. ఐదో రోజు ఆకలేసింది.

ఇప్పుడు ఆమె చేతివంట మీద సాసుగాడు తన పేరు వేసుకుంటాడా? శనివారం సెలవుపెట్టి పొద్దున్నే రైలెక్కాను. గోడమీద రాయాల్సిన నాలుగు వాక్యాలూ కామాలతో సహా దారిలోనే సిద్ధం చేసుకున్నాను. స్టేషనుకి వచ్చిన చెల్లి నన్ను చూసి నవ్వింది.

“గోడమీద రాతకోసం ఇంత దూరం వచ్చావా అక్కా? నీకు పనీపాటా లేదా?”

“రాతలు చూసుకోవడమే నా పనీపాటా. బుట్టక్క ఎక్కడుందో కనుక్కోమన్నానుగా, కనుక్కున్నావా?”

కనుక్కుంది. హోటళ్ళ దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో ఇస్త్రీ విభాగంలో ఉందట. వెళ్ళేసరికి ఆవిరి మధ్య వరసగా పన్నెండు బల్లలు, చివరి బల్ల దగ్గర ఆమె. జుట్టు నెరిసింది, కళ్ళజోడు వచ్చింది. ఇస్త్రీపెట్టె గుడ్డకి తగిలీ తగలకముందే పైకి లేపేస్తోంది. పక్క బల్ల మనిషి నాతో గొప్పగా చెప్పింది, “ఈవిడ చేతిలో ఇన్నేళ్ళలో ఒక్క గుడ్డ కమిలితే ఒట్టు!”

ఆమె నన్ను రెండు క్షణాలు చూసి, “ఎర్రసిరా!” అంది. అందరి నోటుపుస్తకాలూ లాక్కుని ఎర్రపెన్నుతో తప్పులు దిద్దేదాన్నని నాకు జట్టులో ఆ పేరు. అన్నేళ్ళ తర్వాత ఆ పేరు వినగానే నా కళ్ళు చెమ్మగిల్లాయి.

మధ్యాహ్నం విరామం గంట. లోపలి గదిలో కూర్చోబెట్టి నాకు రొట్టె ముక్కలు కాల్చి పెట్టింది. కాల్చడం అని మాటవరసకి అంటున్నాను. వాటికి వేడి తగిలిందో లేదో కూడా తెలియదు, పెట్టిన రంగులోనే బయటికి తీసేసింది. నేను ఫోను తీసి గోడ ఫొటో చూపించాను. ఆమె చదివి తిరిగి ఇచ్చేసింది.

“పోనీలే. రాసుకోనీ,” అంది.

“పోనీలే ఏంటక్కా! నువ్వు చేసిందాన్ని వాడు చేశానంటుంటే?”

“నేను చేసింది ఎవరికి నచ్చిందని? మాడుస్తున్నానని ఎవరో చీటీ రాసి పెట్టెలో పడేస్తేనే కదా నన్ను పొమ్మన్నారు.”

రొట్టె కింద పెట్టేశాను. “నువ్వు మానేశావన్నారు!”

“ఎందుకు మానేస్తానే? ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని! అప్పటి యజమాని ఆ చీటీ నా ముఖం ముందు ఊపుతూ అరిచాడు. రోజూ మాడుస్తున్నావట, ఊరంతా చెప్పుకుంటున్నారట అని. ఆ పూటే పంపేశాడు.”

ఎంత కోపం వచ్చిందంటే కుర్చీలో కూర్చోలేకపోయాను. “ఎవరక్కా ఆ దరిద్రులు? అప్పుడే తెలిసుంటే ఆ రాసిన చెయ్యి విరిచేసేదాన్ని! పద, ముందు ఆ సాసుగాడి సంగతి తేలుద్దాం. ఆ గోడమీద ‘బుట్టక్క’ అని రాయించేదాకా నేను ఈ ఊరు కదలను.”

ఆమె రానంది. రెండింటికి మళ్ళీ డ్యూటీ ఉందంది. నేను చెయ్యి వదల్లేదు. డిపో అక్కడికి నాలుగు వీధులే.

సాసుగాడికి బట్టతలా పొట్టా వచ్చాయి, సిగ్గు మాత్రం రాలేదు. మమ్మల్ని చూడగానే గల్లా దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చి, “బుట్టక్కా! ఎర్రసిరా! మాడ్చేశారు కదే!” అని గంతులేశాడు. నేను ముందు గోడవైపు వేలు చూపించాను.

“ఎవడ్రా కనిపెట్టింది?”

“అదా... కథ ఉంటే జనం వస్తారే. యజమాని కనిపెట్టాడంటే గొప్పగా ఉంటుందని పెయింటరు అన్నాడు.”

“పెయింటరు అంటే రాసేస్తావా? ఈవిడ నూనె ముందు నిలబడి చేతులు కాల్చుకుంటుంటే నువ్వేం చేశావ్? సాసు దొంగతనం! పైగా జ్ఞాపకం అన్న మాటైనా రాయడం రాదు!”

కొట్టులో ఉన్న నలుగురూ తినడం ఆపి మావైపు తిరిగారు. వాడు తల గోక్కుంటూ లోపలికి వెళ్ళి ఒక పొట్లం తెచ్చి బుట్టక్క ముందు పెట్టాడు. ముక్కలన్నీ ఒకే పొడవు, ఒకే రంగు. ఆమె ఒకటి కొరికి చూసింది.

“ఇవి మాడలేదు. రంగు వేసినట్టున్నారు,” అంది.

“చూశావా?” అని వాడిమీద విరుచుకుపడ్డాను. “మార్చు. సోమవారంకల్లా ఆ గోడ మారాలి.”

“మారుస్తానే తల్లీ, మారుస్తాను! తప్పైపోయింది. అక్క పేరే రాయిస్తాను, సరేనా?” అని వాడు చేతులు జోడించాడు. ఇంత తొందరగా గెలిచేస్తానని నేను అనుకోలేదు. ఇంకా తిట్టడానికి చాలా మిగిలిపోయింది. మాట మార్చడానికి కాబోలు, వాడు మమ్మల్ని వెనక గోడ దగ్గరికి తీసుకెళ్ళాడు. “ఇది చూడండి. పాత యజమాని అటకమీద సలహాల పెట్టె దొరికింది, కాగితాలతో సహా. అన్నీ ఫ్రేములు కట్టించాను. నా కోతిబొమ్మలు కూడా ఉన్నాయి!”

వరసగా ఫ్రేములు. కోతి, కోతి, ‘కూల్‌డ్రింకు మధ్య గొట్టం బాగుచేయించండి’, ఇంకో కోతి. బుట్టక్క ఐదో ఫ్రేము ముందు ఆగిపోయింది.

“ఇదే,” అంది మెల్లగా. “ఆ పాత యజమాని ఊపిన కాగితం ఇదే. ఎర్ర అక్షరాలు.”

చూశాను. ‘అయ్యా, మీ బుట్టక్క మాడ్చేస్తోందండీ!!! ఒక్కరోజు కాదు, ప్రతిరోజూ!!! ఊరంతా ఇదే మాట! మీరు ఒక్కసారి వచ్చి చూసి తీరాలి. ఇట్లు, రోజూ వచ్చేవాళ్ళు.’ అక్షరాలు గుండ్రంగా, ముత్యాల్లా ఉన్నాయి. ఒక్క తప్పు లేదు.

“నీ చేతిరాతే కదూ ఎర్రసిరా?” అన్నాడు సాసుగాడు మురిసిపోతూ. “అందరం కలిసి చెబితే నువ్వు రాశావు. అక్కకి జీతం పెంచుతారని!”

బుట్టక్క నావైపు తిరిగింది.

“మాడ్చేస్తోంది అంటే ఏంటి?” అని అడిగింది.

“అదరగొడుతోంది అని అక్కా. అప్పట్లో మేము... మెచ్చుకోవడానికి అలా అనేవాళ్ళం.”

“మరి అదరగొడుతోంది అని రాయడానికేం? సిరా చాల్లేదా?”

సాసుగాడి నవ్వు ఆగిపోయింది. బుట్టక్క గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. ఇప్పుడు కొట్టంతా విన్నది.

“ఇరవై తొమ్మిదేళ్ళు! పొయ్యి ముందు నిలబడితే చెయ్యి వణికేది నాకు. నా పిల్లలకి ఏనాడూ ఒక్కటి ఎర్రగా వేయించి పెట్టలేదు. అమ్మా, ఇంకాస్త వేగనివ్వవే అని అడిగితే కసురుకునేదాన్ని. పచ్చిపచ్చిగా తినే పెద్దవాళ్ళైపోయారు. నాకు వంట రాదనుకున్నానే! మీరు రోజూ తిన్నారు కదా, నా ముందే కూర్చుని తిన్నారు కదా, ఒక్కరైనా నోటితో బాగుందని చెప్పారా?”

చెప్పలేదు. మాడ్చేశావ్ అనే చెప్పాం. ఆమె ప్రతిసారీ, “మరీ ఎక్కువైందా? రేపు తగ్గిస్తాలే,” అనేది. అది కూడా హాస్యమే అనుకుని పగలబడి నవ్వేవాళ్ళం.

“అక్కా, నన్ను క్షమించు...”

“అదంతా తర్వాత. నీ ఉద్యోగం ఏంటన్నావ్?”

“ప్రూఫులు దిద్దడం.”

“పెన్నుందా?”

ఉంది. ఎర్రది. ఎప్పుడూ ఉంటుంది.

“దిద్దు,” అంది.

సాసుగాడు ఫ్రేము దించి కాగితం బయటికి తీశాడు. మడతల దగ్గర చిరగడానికి సిద్ధంగా ఉంది. దాన్ని మా పాత బల్లమీద పెట్టి, ‘మాడ్చేస్తోందండీ’ కొట్టేసి, పైన ‘చాలా బాగా వండుతోందండీ’ అని రాశాను. ఇన్నేళ్ళలో కొన్ని లక్షల తప్పులు దిద్ది ఉంటాను. వాటిలో ఒక్కటీ నాది కాదు.

“ఆ రోజూ వచ్చేవాళ్ళు ఎవరు?” అంది పైనుంచి చూస్తూ. “పేరు రాయి.”

అది కూడా కొట్టేసి నా పేరు రాశాను. మారుపేరు కాదు, ఇంట్లో పెట్టిన పేరు, ఇంటిపేరుతో సహా. ఆమె కళ్ళజోడు సర్దుకుని, ఒక్కో మాట కింద వేలు పెట్టి మొత్తం చదివింది. తర్వాత కాగితాన్ని జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకుంది.

“అక్కా, అది గోడకి...” అన్నాడు సాసుగాడు.

“నా గురించి రాసింది నా దగ్గరే ఉంటుంది,” అంది. గడియారం చూసుకుంది. “రెండవుతోంది. డ్యూటీ ఉంది.”

నావైపు చూడకుండానే తలుపు తోసుకుని వెళ్ళిపోయింది. గాజులోంచి ఆమె డిపో దాటి వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాం. బల్లమీద పొట్లంలో ఆమె కొరికి వదిలేసిన ముక్క ఉంది.

“మరి గోడమీద ఏం రాయించమంటావే?” అని అడిగాడు సాసుగాడు.

రైల్లో కామాలతో సహా సిద్ధం చేసుకున్న నాలుగు వాక్యాలూ నా దగ్గర ఇంకా ఉన్నాయి.

“ఆమెనే అడుగు,” అన్నాను. “ఆమె ఏం చెబితే అదే రాయించు. నాకు చూపించక్కర్లేదు.”